ఆ పుర్రెలకు ఊరుంది

మా తాత పోయినప్పుడు అస్థికల ముంతను ఇంట్లోకి తేలేదు. మూతికి తెల్లగుడ్డ కట్టి పెరట్లో చింతకొమ్మకు వేలాడదీశారు. రాజమండ్రి కోటిలింగాల రేవులో కలిపేదాకా మా నాన్నకు కంటిమీద కునుకు లేదు. పొద్దున లేస్తూనే ఆ కొమ్మవైపు చూసేవాడు. నాలుగంటే నాలుగు రోజులు.

ఈశాన్య కొండల్లోని నాగా తెగలవాళ్లు నూరేళ్లుగా చూస్తున్నారు. వాళ్ల పెద్దల ఎముకలు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి.

1884లో ఒక సైనిక జనరల్ ఇచ్చిన సొంత సేకరణతో మొదలైన మ్యూజియం అది. ఇప్పుడక్కడ 5 లక్షలకు పైగా వస్తువులున్నాయి. నాగా కొండలవే 6,500 దాకా. అందులో పుర్రెలూ, మనిషి వెంట్రుకలు అల్లిన సామాన్లూ కలిపి రెండు వందలకు పైమాటే. అక్కడ వస్తువులను జాతుల వారీగా కాదు, రకాల వారీగా సర్దుతారు. దీపాల పక్కన దీపాలు, పిల్లనగ్రోవుల పక్కన పిల్లనగ్రోవులు. ఆ లెక్కలోనే మనుషుల తలలన్నీ ఒక అద్దాల బీరువాలోకి చేరాయి. చచ్చిన శత్రువులను ఏం చేస్తారో చూపించే బీరువా అని దానికో పేరుండేది. దక్షిణ అమెరికా షువార్ల తల పక్కన నాగా కొండల పుర్రె. ఒక మనిషికి ఊరూ పేరూ లేకుండా చేసి, రకం అనే అరలో పెట్టడం కన్నా పెద్ద అవమానం నాకు తెలియదు.

ఇవి అక్కడికి ఎలా చేరాయి? హట్టన్, మిల్స్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు పెద్ద దాతలు. ఇద్దరూ నాగా కొండలను ఏలినవాళ్లే. మ్యూజియం క్యూరేటర్ బాల్ఫోర్ 1922లో స్వయంగా ఆ కొండలెక్కాడు. తల నరకడం అనాగరికమని నిషేధించిన ప్రభుత్వం వాళ్లది, మాట వినని ఊళ్లను తగలబెట్టిన ప్రభుత్వమూ వాళ్లదే. నాగా చేతిలో ఉంటే నేరమైన తల, దొర పెట్టెలోకి ఎక్కగానే శాస్త్రమైపోయింది. కొన్నారంటారు. చేతిలో తుపాకీ, ఊరిమీద పన్ను, జైలు తాళం ఉన్నవాడు బేరమాడితే ఎదుటివాడు ఏ ధైర్యంతో కాదంటాడు?

మనకూ ఇందులో ముడి ఉంది. దాన్ని దాచను. ఉమ్మడి ఆదిలాబాద్ మార్లవాయిలో గోండులు గుండెల్లో పెట్టుకున్న మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, అంతకుముందు 1936లో మిల్స్ వెంట పాంగ్షా అనే నాగా ఊరి మీదికి వెళ్లిన దండులో ఉన్నాడు. ఊరు తగలబెట్టిన దండు అది. అక్కడి తలలు సేకరించి తెచ్చిన సంగతి తన పుస్తకంలో తానే రాసుకున్నాడు. గోండులకు ఆయన చేసిన మేలును నేను తక్కువ చేయను. ఆ మేలు చూపించి ఈ తలల మాట మరిపిస్తే మాత్రం ఒప్పుకోను.

2020లో మ్యూజియం 120కి పైగా మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. చాలామంది మెచ్చుకున్నారు. తీసి ఎక్కడ పెట్టారు? స్టోర్‌రూములో. బీరువాలోంచి పెట్టెలోకి మారితే ఇల్లు చేరినట్టా? అదే మ్యూజియం మావోరీల పెద్దలను వాళ్ల దేశానికి పంపింది. అంటే దారి తెలుసు, పద్ధతీ తెలుసు.

ఫలానా పుర్రె ఏ ఊరిదో తెలియదు, అది శత్రువుది కావచ్చు, ఎవరికివ్వాలి అంటారు. రిజిస్టరులో ఊరు రాయనిది ఎవరు? రాయనివాడి తప్పుకు శిక్ష మనవలకా? పంచాయితీ పెట్టుకోవడం నాగాలకు తెలుసు. ఫోరం ఫర్ నాగా రికన్సిలియేషన్ చొరవతో వివిధ తెగల వాళ్లు కొన్నేళ్లుగా ఈ మాటే మాట్లాడుకుంటున్నారు. 2025 జూన్‌లో నాగా పెద్దలు ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి, ఆ పెట్టెల ముందు నిలబడి, తమ పూర్వీకులను ఇంటికి పంపమని ప్రకటన చేసి వచ్చారు. సొంత తాతను చూడ్డానికి వీసా తీసుకుని, సముద్రాలు దాటి, అక్కడివాళ్లు తలుపు తీస్తే లోపలికి వెళ్లాల్సి వచ్చింది!

అంతకు ఎనిమిది నెలల ముందు, 2024 అక్టోబరులో, అదే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కొమ్ములు తగిలించిన నాగా పుర్రె ఒకటి వేలానికొచ్చింది. వేల పౌండ్లు పలుకుతుందని అంచనా కట్టారు. నాగాలు భగ్గుమన్నారు. నాగాలాండ్ ముఖ్యమంత్రి నెఫ్యూ రియో విదేశాంగ మంత్రికి లేఖ రాశారు. వేలం ఆగింది. అమ్మడం తప్పని మ్యూజియం డైరెక్టరూ అన్నారు. సంతోషం. అమ్మడం తప్పయితే అట్టిపెట్టుకోవడం ఏ న్యాయం?

దిల్లీని కూడా అడుగుతున్నాను. పిప్రహ్వాలో బుద్ధ ధాతువులతో దొరికిన రత్నాలను 2025 మేలో హాంకాంగ్‌లో వేలం వేయబోతే మన ప్రభుత్వం లీగల్ నోటీసిచ్చి ఆపింది. జులైకల్లా దేశానికి తెచ్చింది. చేసిన పని గొప్పది. అంత చురుకు ఈ పుర్రెల విషయంలోనూ కావాలి. నాగా తల్లి కన్న బిడ్డ తల ఒక రత్నం కన్నా తక్కువా?

పాత మ్యూజియాల్లో ఎముక మీదే సిరాతో నంబరు వేసే అలవాటుండేది. నుదుటి ఎముక మీద నల్లసిరా అంకెలు. ఆ నుదురు ఒకప్పుడు ఎవరో నిమిరినది. నాగాల్లో ఇప్పుడు ఎక్కువమంది క్రైస్తవులు. ఈ పెద్దలు తిరిగొస్తే ఏ ఆచారంతో సాగనంపాలో వాళ్లు మాట్లాడుకోవాలి, పాత ఆచారం తెలిసిన ముసలివాళ్లను అడగాలి. ఆ ముసలివాళ్లు ఏటా కొందరు రాలిపోతున్నారు. ఆక్స్‌ఫర్డ్ కమిటీల మీద కమిటీలు వేసుకుంటూ కూర్చుంటే వాళ్ల ప్రాణాలు ఆగవు.

విమానం ఖర్చు ఎవరిది, పెట్టె ఎవరు చేయించాలి, కాగితాల మీద ఎవరు సంతకం పెట్టాలి అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు తారీఖు చెప్పండి.