లైసెన్సుతో విద్య ముగియునా?

పదునెనిమిదేండ్లు నిండి లైసెన్సు చేతికి వచ్చినంతనే బిడ్డకు కారు నడుపు విద్య పూర్తియైనదని మనము తలంచుచుందుము. పరిశోధకుల మాట వేరు. పెద్దవారు ప్రక్కనున్నంతకాలము క్రొత్తవారికి ప్రమాదములు స్వల్పము. ఒంటరిగా నడుపనారంభించిన తొలినెలలలోనే అవి మిక్కుటము. రాత్రివేళను, తోటియీడు మిత్రులు బండిలోనున్నప్పుడును అపాయ మింకను హెచ్చును.

ఇది గుర్తించి న్యూజీలాండు ప్రభుత్వము 1987లో అంచెల లైసెన్సు పద్ధతిని నెలకొల్పెను. దాని ప్రకారము తొలుత అనుభవజ్ఞులు ప్రక్కనుండవలెను. రెండవ అంచెలో ఒంటరిగా నడుపవచ్చును గాని, రాత్రి 10 మొదలు వేకువ 5 గంటలవఱకు పెద్దల తోడులేక నడుపరాదు, మిత్రుల నెక్కించుకొనరాదు. ఆ పిమ్మటనే పూర్ణాధికారము. ఇట్టి పద్ధతి నవలంబించినచోట్ల యువకుల ప్రమాదములు తగ్గినవని పరిశోధనలు తెలుపుచున్నవి.

మన దేశమున లెర్నరు లైసెన్సు పొందిన 30 దినములకే పరీక్షకు పోవచ్చును; నెగ్గినచో పూర్తి లైసెన్సే. నడిమి అంచె లేదు. ఆ యంచెను గృహమే కల్పింపవలెనని మా మనవి.

అంతఃపురమున ప్రగల్భములు పలికిన ఉత్తరకుమారుడు కౌరవసేనను గాంచినంతనే రథము దిగి పరుగిడెను. పిమ్మట పార్థుడు తోడుండగా ఆతడే సారథ్యము నెఱపెను. ధైర్యమిచ్చినది రథము కాదు, తోడు.

కావున తొలియేడు పెద్దలొకరు ప్రక్కన కూర్చుండుడు. రాత్రిప్రయాణములు, మిత్రబృందములు వలదనుడు. బిడ్డ అలుగవచ్చును. అలిగిన బిడ్డ భోజనవేళకు ఇల్లు చేరును. మనకు కావలసినది అదియే కదా!