గోథెన్‌బర్గ్ సంగీతానికి చలి కారణం కాదు

స్వీడన్ దేశపు సంగీతం గురించి మన సాంస్కృతిక సదస్సులలో ఎక్కడ ప్రస్తావన వచ్చినా ఒక సిద్ధాంతం తప్పకుండా వినిపిస్తుంది. అక్కడ చలి ఎక్కువ. డిసెంబరు మాసంలో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గుంకుతుంది. యువకులు ఇంటిపట్టున ఉండక తప్పదు. అందువల్ల గిటారు పట్టుకుంటారు అని ఆ వాదం. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. చీకటే సంగీతానికి మూలమైతే ఉత్తరధ్రువ రేఖకు ఆవల ఉన్న ప్రతి జాలరిపల్లె ఒక సంగీత రాజధాని కావలసింది. అలా కాలేదు. పోనీ చరిత్రలో చలి ఎప్పుడూ ఒకేలా ఉన్నదనుకున్నా, ఒక నిర్దిష్ట దశాబ్దంలో, ఒక నిర్దిష్ట రేవు పట్టణంలో ఇన్ని రకాల సంగీతాలు ఒక్కసారి ఎందుకు పైకి వచ్చాయో ఈ సిద్ధాంతం చెప్పలేదు. వాతావరణాన్ని కారణంగా చూపడంలో పాలకులకు ఒక సౌకర్యం మాత్రం ఉంది. వాతావరణానికి బడ్జెట్ కేటాయింపు అవసరం లేదు.

నేను ఈ విషయంలో తటస్థుడిని కానని ముందుగానే ఒప్పుకోవడం న్యాయం. గోథెన్‌బర్గ్ నగరాన్ని నేను కళ్లారా చూడలేదు, చెవులతోనే ఎరుగుదును. 2002 ప్రాంతంలో చరిత్ర స్నాతకోత్తర విద్యార్థిగా వసతి గృహంలో ఉన్నప్పుడు, నా గదిలోని మిత్రుడు ఇన్ ఫ్లేమ్స్ అనే బృందం పాటలను, నేను సిబేలియస్ సింఫనీలను వినేవాళ్లం. ఒకరి అభిరుచిని మరొకరు భరించే ఒప్పందం మా మధ్య ఉండేది. ఒకరోజు రెండు డిస్కుల అట్టలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటి మీదా ఒకే ఊరి పేరు కనిపించింది. సిబేలియస్‌ను వాయించినది నీమే యార్వి నిర్వహణలోని గోథెన్‌బర్గ్ సింఫనీ వాద్యబృందం. గర్జిస్తున్న గిటార్లు కూడా ఆ ఊరివే. ఆనాటి ఆశ్చర్యం ఈనాటికీ నాకు తీరలేదు. ఈ వ్యాసం ఒక అభిమాని రాసినదని పాఠకులు భావిస్తే నాకు అభ్యంతరం లేదు. అయితే అభిమానం కూడా కారణాలను అడుగుతుంది.

చరిత్ర విద్యార్థికి ఈ నగరం మొదటి నుంచీ ఆసక్తికరమే. 1621లో రెండవ గుస్తావ్ అడాల్ఫ్ రాజు దీనికి పట్టణ హోదా ఇచ్చాడు. బురద నేలలో కాలువలు తవ్వి వీధులు తీర్చినవారు డచ్చి నిపుణులు. 1731లో స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడే వెలసింది. ఆ కంపెనీ ఓడ ఒకటి 1733లో మన కోరమాండల్ తీరాన పరంగిపేటలో లంగరు వేసి వర్తక స్థావరం పెట్టబోతే, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు తమ పరస్పర వైరం కాసేపు మరచి కలిసివచ్చి ఆ స్థావరాన్ని కొల్లగొట్టారు. మన పాఠ్యగ్రంథాలలో చోటు దొరకని చిన్న సంఘటన ఇది. ఆ తర్వాత కంపెనీ దృష్టి ప్రధానంగా కాంటన్ తేయాకు మీద నిలిచింది. ఆ లాభాలు, అనంతర కాలపు వర్తకుల విరాళాలు కలిసి నగరానికి విద్యాసంస్థలను, ప్రదర్శనశాలలను ఇచ్చాయి. 1905లో సింఫనీ బృందం ఏర్పడింది. 1907లో విల్హెల్మ్ స్టెన్‌హమర్ దాని నిర్వాహకుడై 1922 దాకా ఉన్నాడు. తన రెండవ సింఫనీని ఆ బృంద సభ్యులకే అంకితం చేశాడు. సిబేలియస్, నీల్సన్ అతిథులుగా వచ్చి ఆ బృందాన్ని నడిపారు. 1935లో గోతాప్లాట్సెన్ కూడలిలో కచేరీ భవనం లేచింది. యార్వి 1982 నుంచి 2004 వరకు ఇరవై రెండేళ్లు ఉండి ఆ బృందాన్ని ప్రపంచానికి వినిపించాడు. సోవియట్ ఎస్టోనియాను 1980లో విడిచి వలస వచ్చిన మనిషి ఆయన. ఈ సంగతి తరువాత మళ్లీ అవసరమవుతుంది.

ఇంతవరకు చెప్పినది సంపన్న వర్తకుల కథ. మనవాళ్లకు రుచించేది ఇదే. దాతలు, శాస్త్రీయ సంగీతం, మంచి భవనం, నిర్వాహకుడికి పూలగుత్తి. ఇక్కడితో ఆగితే గోథెన్‌బర్గ్ ఐరోపాలోని పది పన్నెండు మర్యాదస్తుల నగరాలలో ఒకటిగా మిగిలేది.

1970వ దశకంలో ఓడల నిర్మాణం కుప్పకూలింది. గోతావెర్కెన్, ఎరిక్స్‌బెర్గ్, లిండ్‌హోల్మెన్ వంటి యార్డులు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టినవి. చమురు సంక్షోభం తర్వాత పెద్ద ట్యాంకర్లకు గిరాకీ పడిపోయింది. తూర్పు ఆసియా పోటీ ముమ్మరమైంది. 1979లో ఎరిక్స్‌బెర్గ్ మూతపడింది. నది ఒడ్డున క్రేన్లు నిలబడ్డాయి, పని నిలిచిపోయింది. విశాఖపట్నంలో పుట్టిపెరిగినవారికి ఓడల యార్డు అంటే ఒక ఊరికి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే, 1974లో, స్వీడన్ పార్లమెంటు జాతీయ సాంస్కృతిక విధాన లక్ష్యాలను ఆమోదించింది. వాటిలో ఒకటి ఇప్పుడు చదివితే సాహసమనిపిస్తుంది. సాంస్కృతిక రంగంలో వ్యాపార ధోరణుల దుష్ఫలితాలను ఎదుర్కోవడం రాజ్యం బాధ్యత అని అందులో ఉంది. అయితే లక్ష్య ప్రకటనలు మనకూ కొరత లేదు. స్వీడన్‌కూ మనకూ తేడా ఎక్కడంటే, ఆ మాటను మోయగల అడుగు అంచె వారికి అప్పటికే ఉంది. 1940ల నుంచి పురపాలక సంఘాలు సంగీత పాఠశాలలను నెలకొల్పుతూ వచ్చాయి. కార్మికుని బిడ్డకు కూడా నామమాత్రపు రుసుముతో వాద్యం, గురువు దొరికే ఏర్పాటు అది. దానికి తోడు అధ్యయన సంఘాలు. 1912లో కార్మికోద్యమం స్థాపించిన విద్యా సంఘం వీటిలో పేరుపొందినది. కనీసం ముగ్గురు కలిసి ఏదైనా ఒక విషయాన్ని క్రమబద్ధంగా అభ్యసిస్తామంటే దానిని అధ్యయన బృందంగా గుర్తించి, గది, కొంత సామగ్రి సమకూర్చే పద్ధతి. ఆ విషయం తోటపని కావచ్చు, స్పానిష్ భాష కావచ్చు, విద్యుత్ గిటారు కావచ్చు. డ్రమ్ముల మోత పెట్టే కుర్రవాళ్లు కూడా హాజరుపట్టీలో సంతకం చేసి, గంటలు నమోదు చేసి, లెక్కకు ‘అధ్యయనం’ చేస్తున్నవారే.

ఈ హాజరుపట్టీని చూసి నవ్వుకునేవారు ఉంటారు. నాకు మాత్రం ఇరవయ్యవ శతాబ్దపు పరిపాలనలో ఇంతకంటె తెలివైన పత్రం అరుదుగా కనిపిస్తుంది. అది ఎంతమంది వచ్చారని అడుగుతుంది. ఎన్ని గంటలు సాధన చేశారని అడుగుతుంది. ఏ రాగం వాయించారని, అది మన సంస్కృతికి తగినదా అని అడగదు.

అడగకపోవడం వల్ల ఏమి వచ్చిందో చూడండి. 1990 ప్రాంతంలో ఎట్ ది గేట్స్, డార్క్ ట్రాంక్విలిటీ, ఇన్ ఫ్లేమ్స్ అనే మూడు బృందాలు ఈ ఒక్క నగరంలో పుట్టాయి. డెత్ మెటల్ అనే ఘోరనాదంలోకి జంట గిటార్ల స్వరమాధుర్యాన్ని తెచ్చిన ఈ పద్ధతిని ప్రపంచమంతా నగరం పేరుతోనే పిలుస్తుంది. ‘ది గ్యాలరీ’, ‘స్లాటర్ ఆఫ్ ది సోల్’ 1995లోనూ, ‘ది జెస్టర్ రేస్’ 1996లోనూ వచ్చాయి. మూడూ ఫ్రెడ్‌మన్ అనే ఒకే స్టూడియోలో ముద్రితమైనవి. ఇన్ ఫ్లేమ్స్ తన తొలి డిస్కులో హోర్గా జానపద బాణీని వాయించింది. మన సంప్రదాయవాదులు ఈ ఒక్క విషయం మీద కాసేపు నిలవాలి. జానపద బాణీని కాపాడమని ఆ కుర్రవాళ్లకు ఏ అకాడమీ ఆదేశించలేదు. అదే నగరంలో, అదే కాలంలో, ఏస్ ఆఫ్ బేస్ అనే నలుగురు నృత్యగీతాలు కట్టి 1994లో అమెరికా జాబితాలో మొదటి స్థానానికి చేరారు. లిటిల్ డ్రాగన్ బృందం బడి విడిచిన తర్వాత సాయంకాలపు వాయిద్యాలలో మొదలై 1996లో రూపుదిద్దుకుంది. ది నైఫ్ అనే అక్కాతమ్ముళ్ల జంట 1999లో బయలుదేరింది. 1976 సైనిక కుట్ర తర్వాత అర్జెంటీనా విడిచి వచ్చిన దంపతులకు ఇక్కడ 1978లో పుట్టిన హోసే గొన్సాలెస్, చిన్నతనంలో హార్డ్‌కోర్ బృందాలలో వాయించి, విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్ర పరిశోధన చేస్తూ, 2003లో ఒక్క గిటారుతో ‘వెనీర్’ అనే మెత్తని డిస్కు ఇచ్చాడు. అందులో ఒక పాట ది నైఫ్‌దే. విద్యుత్ వాద్యాల పాటను తంత్రుల మీదికి దించడం ఒకే ఊరివారి మధ్య జరిగిన సంభాషణ వంటిది.

యార్వి, గొన్సాలెస్, కాలువలు తవ్విన డచ్చివారు, స్టాక్‌హోమ్ నుంచి వచ్చిన స్టెన్‌హమర్. ఈ నగర సంగీతం చాలావరకు వచ్చి చేరినవారి సంగీతం. ‘జాతి ప్రతిభ’ అనే రెండవ సిద్ధాంతానికి ఇంతకు మించి సమాధానం అనవసరం.

మూడవ సిద్ధాంతం ఇంకా ప్రమాదకరమైనది, ఎందుకంటే అది మన పక్షాన మాట్లాడుతున్నట్లు కనిపిస్తుంది. సంగీతం విదేశీ మారకద్రవ్యం తెస్తుంది, స్వీడన్ దానిని ఎగుమతి పరిశ్రమగా మార్చింది, మనమూ అలాగే ‘సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ’ నిర్మించాలి అనే వాదం. గెలిచిన బృందాల జాబితా చూసి పెట్టుబడిని సమర్థించడం ఇది. గెలవని బృందాల సంగతి? ఆ గదులలో సాధన చేసి, నాలుగేళ్లకు పెళ్లి చేసుకుని, వోల్వో కర్మాగారంలో పనికి పోయి, శనివారం రాత్రి మాత్రమే బాస్ గిటారు తీసేవారి సంగతి? వారే లేకపోతే గెలిచినవారికి శ్రోతలు ఉండరు, డ్రమ్ములు వాయించేవాడు దొరకడు, ధ్వనిముద్రణ నేర్చిన మనిషి దొరకడు. ఎగుమతి లెక్కలో వారు నష్టం కింద పోతారు. నగరం లెక్కలో వారే మూలధనం. ఈ ఎగుమతి దృష్టి స్వీడన్‌లోనూ బలపడింది. 2009లో ఆమోదించిన కొత్త లక్ష్యాలలో వ్యాపార ధోరణులను ఎదుర్కోవాలన్న వాక్యం లేదు. 1968 నుంచి ఊరూరా కచేరీలు నడిపిన రాజ్యసంస్థ రిక్స్‌కొన్సెర్టెర్‌ను 2010 చివర మూసివేశారు. అధ్యయన సంఘాల గ్రాంటును 2024 నుంచి దశలవారీగా కోయాలని ప్రభుత్వం నిర్ణయించింది. లేని సభ్యులను ఉన్నట్లు చూపిన అక్రమాలు కొన్నిచోట్ల బయటపడిన మాట నిజం. వాటిని ఆడిట్ చేయవలసినదే. దొంగ హాజరు దొరికిందని బడినే మూసేవాడిని మనం మంచి అధికారి అనం.

గది లేకపోవడం అంటే ఏమిటో గోథెన్‌బర్గ్‌కే ఒక రాత్రి తెలిసింది. 1998 అక్టోబరు 29న హిసింగెన్ ద్వీపంలోని బాకాప్లాన్ ప్రాంతంలో, మాసిడోనియన్ సంఘం హాలును అద్దెకు తీసుకుని కొందరు కుర్రవాళ్లు నృత్య కార్యక్రమం పెట్టారు. నూట యాభై మందికి అనుమతి ఉన్న హాలులో నాలుగు వందల దాకా చేరారు. వారిలో చాలామంది పదిహేను, పదహారు, పదిహేడేళ్ల పిల్లలు, వలస కుటుంబాలవారు. పట్టణంలోని పెద్ద వినోదశాలల్లోకి వెళ్లే వయసు కానివారు. మెట్ల దారిలో పేర్చిన సామానుకు నిప్పు పెట్టినవారు దొరికారు, శిక్షపడింది. 63 మంది చనిపోయారు. నిప్పు పెట్టినది నలుగురు యువకులు; అయినా నూట యాభై మంది పట్టే చోట నాలుగు వందల మంది ఎందుకు ఉండవలసివచ్చిందన్న ప్రశ్న న్యాయస్థానం తీర్పుతో తీరేది కాదు. ఈ నగరాన్ని కీర్తించేవారు ఆ రాత్రిని దాటవేయడం చూశాను. అభిమానిగా నేను దాటవేయలేను. నగర మధ్యంలో ఉన్న గదులు శివారు పిల్లలకు అందలేదు.

ఇక మన సంగతి. మనకు సంగీత నాటక అకాడమీ 1953 నుంచి ఉంది, ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు 1980ల నుంచి ఉన్నాయి, విజయనగరంలో 1919 నాటి సంగీత కళాశాల ఉంది. వీటిని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఇవన్నీ సిద్ధమైన కళాకారుడిని వెతుకుతాయి. పురస్కారం, శాలువ, ఉత్సవం, ప్రయాణభత్యం అన్నీ పాట వచ్చిన తర్వాతి ఏర్పాట్లు. పాట రాకముందు మనిషికి కావలసినది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తలుపు తెరిచి ఉండే ఒక గది, మోతకు పొరుగువారు పోలీసులను పిలవని ఒక గోడ. దీనికి మన పద్దులలో శీర్షిక లేదు.

ఇది నేను దూరం నుంచి చేస్తున్న విమర్శ కాదు. కొన్నేళ్ల క్రితం, ఊరి పేరు అవసరం లేదు, ఆరుగురు కుర్రవాళ్లు ఒక అర్జీ పెట్టుకున్నారు. ఇద్దరు ఐటీఐ విద్యార్థులు, ఒకడు ఆటో నడిపేవాడు. పురపాలక సామాజిక భవనం పెళ్లిళ్లు లేని రోజులలో ఖాళీగా ఉంటుంది గనుక వారానికి మూడు సాయంకాలాలు సాధనకు ఇప్పించమని కోరారు. డప్పు, కీబోర్డు, రెండు గిటార్లు వారి వాద్యాలు. దస్త్రం నా బల్ల మీదికి వచ్చింది. మా ప్రపత్రంలో మూడు గడులు ఉన్నాయి: శాస్త్రీయం, సుగమ సంగీతం, జానపదం. గుమాస్తా ఏ గడిలోనూ టిక్కు పెట్టలేక ఖాళీగా వదిలేశాడు. ‘కార్యకలాప స్వభావం స్పష్టంగా లేదు, నిబంధనలలో అవకాశం లేదు’ అని నోట్ రాసి తిప్పి పంపినది నేనే. రాత్రి ఇంటికి పోయి ‘ది గ్యాలరీ’ పెట్టుకుని విన్నది కూడా నేనే.

ఆ ఆరుగురిలో ఆటో కుర్రవాడు ఒకసారి కార్యాలయానికి వచ్చాడు. “సార్, మేం ఏం వాయిస్తామో మాకే ఇంకా తెలీదండి, గది ఉంటే తెలుస్తుంది” అన్నాడు. ప్రపత్రంలో నాలుగవ గడి చేర్చాలని, దానికి ‘ఇంకా తెలియదు’ అని పేరు పెట్టాలని ఈ మధ్యనే ఒక ప్రతిపాదన పైకి పంపాను. ఆర్థిక శాఖ వారు ఆ పదబంధానికి నిర్వచనం అడిగారు.