నేల పలకని నృత్యం

బస్తర్ దండామి మారియాల నృత్యాన్ని బుల్లితెర మీద చూసినవారు దేశంలో లెక్కకు మిక్కిలి. విన్నవారు మాత్రం అరుదు. అడవిదున్న కొమ్ముల తలపాగా, ముఖం మీద వేలాడే గవ్వల సరాలు, మెడలో పెద్ద డోలు - కెమెరాకు ఇంతకంటే విందు ఏముంటుంది? కాని ఆ నృత్యంలో సగం ప్రాణం స్త్రీల చేతికర్రలలో ఉంది. ఇనుప గజ్జెలు అమర్చిన ఆ కర్రలను వరుసగా నేలకు తాటిస్తూ వారు అడుగు కదుపుతారు. అక్కడ నేల రంగస్థలం కాదు, వాద్యం.

టెలివిజన్ వినోద కార్యక్రమాలు తరచుగా ఈ వాద్యాన్నే మూగవోయేలా చేస్తాయి. గంటల తరబడి సాగే పెళ్ళినృత్యాన్ని రెండు నిమిషాలకు కుదించి, తివాచీ పరచిన వేదిక మీద నిలిపి, స్టూడియోలో కూర్చిన సంగీతాన్ని దానికి తొడగటం పరిపాటి అయింది. మిగిలేది వేషం మాత్రమే.

ఈ దురవస్థ బస్తర్‌కే పరిమితం కాదు. అమెరికాలో 1739 నాటి స్టోనో తిరుగుబాటు తరువాత, 1740లో దక్షిణ కరొలినా చట్టం బానిసలకు డోలును నిషేధించింది. చేతి డోలును లాక్కున్నా పాదం లయను మరువలేదు. ఆఫ్రికన్ లయ, ఐరిష్ అడుగు కలిసి టాప్ నృత్యమైంది. బూటు అడుగున లోహపు బిళ్ళలు మోగాయి. దాని ఘనులు తమను జాజ్ వాద్యకారులుగానే భావించుకున్నారు. అయితే 1948 నుంచి 1971 వరకు సాగిన ఎడ్ సలివాన్ ప్రదర్శన వంటి వెరైటీ కార్యక్రమాలలో ఆ కళ గారడీకి, హాస్యానికి నడుమ కొద్ది నిమిషాల అంశమే. 1989లో గ్రెగరీ హైన్స్ సారథ్యంలో ఆ కళకే అంకితమైన ప్రత్యేక కార్యక్రమం ప్రసారమైంది. వ్యవధి, గౌరవం ఇస్తే అదే తెర కళకు ఆశ్రయం కాగలదనటానికి అది నిదర్శనం.

టెలివిజన్ లేకుంటే బస్తర్‌ను ఎవరు ఎరుగుదురు అని కొందరు వాదిస్తారు. గ్రిగ్‌సన్ 1938లో, ఎల్విన్ 1943లో తమ గ్రంథాల ద్వారా మారియాలను లోకానికి పరిచయం చేశారన్నది ఒక సమాధానం. అసలు సమాధానం వేరు: పరిచయం పేరుతో రూపాన్ని చూపి నాదాన్ని దాచితే, తెలిసినదని భ్రమపడే అజ్ఞానమే మిగులుతుంది. తెలుగువారికి ఇది పరాయి సమస్య కాదు. భద్రాచలం ప్రాంతపు కొమ్ము కోయల నృత్యమూ అధికారిక స్వాగత సభలలో అతిథుల ముందు నడిచే అలంకారంగా మారుతోంది.

చేయవలసినది కష్టసాధ్యమేమీ కాదు. మట్టినేల మీదే చిత్రీకరించాలి. మైకును డోలు దగ్గరే కాక కర్ర తాకే చోట కూడా ఉంచాలి. ఒక్క నృత్యాన్నయినా ఆద్యంతం భద్రపరచి, దాని ప్రతిని ఆ గ్రామానికే అందజేయాలి. కళాకారుల పేర్లు, ఊరి పేరు తెరపై రావాలి. ప్రతిఫలం వారి చేతికే చేరాలి. ఈ కనీస నియమాలు పాటించలేని సంస్థ జానపద కళను ప్రోత్సహిస్తున్నామని చెప్పుకొనే అర్హతను కోల్పోతుంది.