కారం వేరు, తరుగు వేరు

పోయిన నెల మా కాలేజీకి ఒక హెల్త్‌కేర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది. మామూలుగా వచ్చే కంపెనీలకంటే ప్యాకేజీ ఎక్కువే. ప్రీ-ప్లేస్‌మెంట్ టాక్ అయిపోగానే హాస్టల్లో రెండు పార్టీలయ్యాం. "అక్కడ పిండేస్తారంట రా, పైగా రెండేళ్ల బాండ్" అని ఒక పార్టీ. "పని లేని చోట బెంచ్ మీద కూర్చుంటే ఏం నేర్చుకుంటావ్?" అని ఇంకో పార్టీ. రాత్రి పన్నెండు దాకా వాదించుకున్నా తేల్లేదు. ఆ రోజు నేనేం మాట్లాడలేదు. తర్వాత అలాంటి కంపెనీలోనే హైదరాబాద్‌లో పనిచేస్తున్న మా సీనియర్ అక్కకి ఫోన్ చేశాను. కొంత చదివాను కూడా. ఇప్పుడు నా మాట చెప్తున్నా.

ముందు ఆ పనేంటో చూద్దాం. పేషెంట్ రిజిస్ట్రేషన్ దగ్గర్నుంచి ల్యాబ్ రిజల్టు, డాక్టర్ రాసే మందు, ఇన్సూరెన్స్ బిల్లు దాకా అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్ అది. అమెరికాలో ఈ రంగంలో పెద్ద పేర్లు రెండు: విస్కాన్సిన్‌లోని ఎపిక్, కాన్సస్ సిటీలో మొదలైన సెర్నర్. రెండూ 1979లోనే పుట్టాయి. సెర్నర్‌ని 2022లో ఒరాకిల్ దాదాపు 2,800 కోట్ల డాలర్లకు కొనేసింది. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో మనవాళ్లు చేసే హెల్త్‌కేర్ పనిలో చాలా భాగం అమెరికా ఆసుపత్రుల కోసమే.

ఇక మంచి విషయాలు. నా లెక్కలో మొదటిది, ఆ పనికి అర్థం ఉంది. మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. మా నానమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడల్లా నాన్న చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్ ఉండేది. పాత చీటీలు, స్కానింగులు, రక్త పరీక్షలు అన్నీ అందులోనే. ఒకసారి ఆ కవర్ బస్సులో మర్చిపోయాం. కొత్త డాక్టర్ గారు "ఏ మందు పడదమ్మా?" అని అడిగితే ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. చేసిన పరీక్షలే మళ్లీ చేశారు, డబ్బులు మళ్లీ కట్టాం. ఆ కవర్‌లో ఉండాల్సింది స్క్రీన్ మీద కనపడేలా చేయడమే ఈ ఉద్యోగం. షాపింగ్ యాప్‌లో బటన్ రంగు మార్చడంకంటే ఇది నాకు పెద్ద పనిగానే కనిపిస్తుంది.

రెండోది, ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుని కోడ్ రాయడం నేర్చుకుంటాం. థెరాక్-25 అనే రేడియేషన్ మెషిన్ గురించి చదవండి. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు పేషెంట్లకు అది ఇవ్వాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది. కొందరు చనిపోయారు. ఆపరేటర్ స్క్రీన్ మీద వివరాలు వేగంగా మారిస్తే, సాఫ్ట్‌వేర్‌లో రెండు పనులు ఒకదాన్నొకటి తోసుకోవడం ఒక కారణం. మనం ఓఎస్ పేపర్‌లో నాలుగు మార్కుల కోసం రాసే రేస్ కండిషన్ అదే! అలాంటి చోట టెస్టింగ్ గట్టిగా చేయిస్తారు, రివ్యూలో పది ప్రశ్నలు అడుగుతారు. అడగాలి కూడా.

మూడోది, డొమైన్ నాలెడ్జ్. అమెరికాలో 2015 అక్టోబర్ 1న జబ్బుల కోడ్‌లు ఐసీడీ-10కి మారాయి. 14 వేల దగ్గర ఉన్న కోడ్‌లు ఒక్కసారిగా 68 వేల దాకా పెరిగాయి. ఇలాంటివి యూట్యూబ్ చూసి రావు, పనిలో దిగితేనే వస్తాయి. మన దేశంలో 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా ఎఫ్‌హెచ్ఐఆర్ అనే అంతర్జాతీయ ప్రమాణాన్నే వాడుతోంది. అంటే అక్కడ నేర్చుకున్నది రేపు గుంటూరులోనో ఒంగోలులోనో పనికొస్తుంది.

చెడు సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. కాన్సస్ సిటీలో పొద్దున ఎనిమిదైతే మనకి ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్ల ఆసుపత్రి మేలుకునేసరికి మన ఇంట్లో అన్నం వడ్డిస్తుంటారు. రాత్రి షిఫ్టులు, ఆన్-కాల్ తప్పవు. ఇంకోటి, కొన్ని కంపెనీల్లో పని చాలా పాత టెక్నాలజీ మీద ఉంటుంది. ఎపిక్ వెనకాల ఉన్న మంప్స్ అనే భాష 1960ల్లో బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో పుట్టింది. అందులో ఎంత ఆరితేరినా, బయటి ఇంటర్వ్యూల్లో దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. అక్క రెండు సంగతులు చెప్పింది.

ఒకటి: ఒక రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. అక్కడెక్కడో ఆసుపత్రిలో మందుల స్క్రీన్ తెరుచుకోవట్లేదు, నర్సులు కాగితాల మీద రాసుకుంటున్నారు. నలభై నిమిషాల్లో సరిచేసింది. "నిద్ర పోయింది గానీ తమ్ముడూ, ఆ రోజు నా మీద నాకే గౌరవం పెరిగింది" అంది.

రెండోది: వారానికి అరవై గంటలు పనిచేసినా టైమ్‌షీట్‌లో 45కి మించి రాయొద్దని మేనేజర్ చెప్పాడట. సొంత చెల్లి పెళ్లికి రెండు రోజులే సెలవిచ్చారట. ఇది చెప్పేటప్పుడు అక్క గొంతు వేరేగా ఉంది.

మిర్చి పండించే ఇళ్లవాళ్లకి ఈ తేడా తెలుసు. కాయలు కోస్తే చేతులు మండుతాయి. తేజ రకమైతే ఇంకా మండుతాయి. దానికి ఎవరూ ఏడవరు, కారం ఉంటేనే అది మిర్చి. కానీ కొట్లో తూకం వేశాక టిక్కీకి ఇంత అని తరుగు తీస్తే మాత్రం నాన్న ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినడు. రాత్రి రెండున్నర ఫోన్ కారం. టైమ్‌షీట్ తరుగు. హాస్టల్లో మనం ఈ రెండిటినీ కలిపి "వర్క్ ప్రెషర్" అని ఒకే పేరు పెట్టి వాదించుకున్నాం. అందుకే తేల్లేదు.

ఇది మన దగ్గరే కాదు. సెర్నర్ స్థాపకుల్లో ఒకరైన నీల్ ప్యాటర్సన్ ఓక్లహోమాలో రైతు బిడ్డ. 2001 మార్చిలో, పొద్దున ఎనిమిదికి పార్కింగ్ ఖాళీగా ఉంటోందని మేనేజర్లకు కోపంగా ఈమెయిల్ రాశారు. అది బయటికి పొక్కింది, మూడు రోజుల్లో షేరు 22 శాతం దాకా పడిపోయింది. ఆయన క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. పార్కింగ్‌లో కార్లు లెక్కపెడితే పేషెంట్‌కి ఒరిగేదేంటి? ఎపిక్‌లో ఐదేళ్లకోసారి నాలుగు వారాల సబాటికల్ ఇస్తారు, అది మంచిదే. అదే ఎపిక్‌లో ఓవర్‌టైమ్ జీతం కోసం ఒక ఉద్యోగి వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉద్యోగులు కలిసి కోర్టుకెక్కకుండా ముందే సంతకం చేయించుకున్న ఒప్పందం చెల్లుతుందని 2018లో కంపెనీ వైపే తీర్పొచ్చింది. కాబట్టి సంతకం పెట్టే ముందే చదవాలి. "బాండ్ కోర్టులో నిలవదులే" అని మన సీనియర్లు చెప్పేది కూడా పూర్తిగా నమ్మకండి. ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో మూడేళ్లు, రెండు లక్షల బాండ్ చెల్లుతుందని 2025 మేలో మన సుప్రీంకోర్టే చెప్పింది.

అందుకని ఇంటర్వ్యూ చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అన్నప్పుడు "నో సర్" అనొద్దు. ఆన్-కాల్ నెలకి ఎన్ని రోజులు, మర్నాడు సెలవుందా? పనిచేసిన గంటలన్నీ టైమ్‌షీట్‌లో రాయొచ్చా? నోటీస్ పీరియడ్ ఎంత? ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటారా? మర్యాదగా అడిగితే ఎవరూ కొట్టరు. జవాబు నీళ్లు నములుతూ వస్తే అదే జవాబు.

నాకు ఎడ్యుకేషన్ లోన్ ఉంది. ఇంట్లో మొదటి ఉద్యోగం నాదే కావాలి. కాబట్టి ఉద్యోగం వద్దనుకునే సుఖం నాకు లేదు. ఆ డ్రైవ్‌కి అప్లై చేశాను. రాత్రి ఫోన్‌కి లేవడానికి నేను రెడీ. తరుగు గురించి మాత్రం ముందే అడుగుతాను. నాన్న కొట్లో అడగలేకపోయింది నేనైనా అడగాలి కదా.