చవకే గానీ, సిగ్నలుందా?

పోయిన నెలలో మా ఇంట్లో ఒక సెల్‌ఫోను గురించి మూడు రోజులు పంచాయితీ నడిచిందండీ. పెళ్ళిసంబంధానికి కూడా మావాళ్ళు ఇన్ని మాటలు అనుకోలేదు. సంగతేమిటంటే, మా పెద్దమ్మాయికి నర్సు ఉద్యోగం వచ్చింది. సంతోషమే. కానీ వేసింది ఎక్కడనుకున్నారు? దుమ్ముగూడెం దాటాక, అడవి లోపల ఒక ఆరోగ్య కేంద్రంలో. ఖమ్మంలో కలిసిపోయిన మా ఖానాపురం హవేలి నుంచి భద్రాచలమే దాదాపు 120 కిలోమీటర్లు. అక్కడ గోదావరి దాటి ఇంకా ముందుకు పోవాలి. దాని పాత ఫోను చూస్తే అద్దం పగిలి, మధ్యాహ్నానికల్లా చార్జింగు అయిపోతోంది. పిల్లను మొదటిసారి ఒంటరిగా పంపుతూ ఆ ఫోను చేతిలో పెట్టి పంపలేం కదా! నా దగ్గర చీటీ పాడిన డబ్బు 8,000 ఉంది. అదే లెక్క.

ఇంతలో పక్కింటి కుర్రాడు ఓ పెట్టె పట్టుకొచ్చాడు. "పిన్నీ, ఫారిన్ ఆండ్రాయిడ్ ఫోను. 5,500కే ఇప్పిస్తా" అన్నాడు. పెట్టె మీద అక్షరాలు ఎంత పెద్దవో! 8 జీబీ ర్యామ్, 256 జీబీ మెమరీ, 7,000 ఎంఏహెచ్ బ్యాటరీ. షాపులో ఇలాంటివి రాసి ఉన్న ఫోను దానికి రెండింతలుంది. మా అమ్మాయి కళ్ళు మెరిశాయి. మావారైతే "ఇంకా ఆలోచించేదేముందోయ్" అనేశారు. ఆయనకు ఆ మాట అనడం తేలికే. పాత దెబ్బ తిన్నది నేను కదా!

ఆ దెబ్బ చెప్తాను వినండి. 2020లో కరోనాకు బడులు మూసేశారు గుర్తుందా? సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. హోంవర్కు మాత్రం ఫోనుకే పంపేవారు. మా చిన్నాడికోసం హడావుడిగా ఒక పేరు తెలియని ఫోను 4,800కు కొన్నాను. ఏడాది తిరక్కుండానే దాని వీపు పూరీలా ఉబ్బింది. బ్యాటరీ అట! రిపేరు షాపువాళ్ళు చేతిలోకి తీసుకోడానికే భయపడ్డారు. "ఈ కంపెనీ బ్యాటరీలు దొరకవమ్మా" అన్నారు. కొన్నచోట అడిగితే బిల్లేదన్నారు. పోనీ కంపెనీకే చెబుదామని అట్టపెట్టె నాలుగువైపులా తిప్పి చూస్తే చిరునామా లేదు, ఫోను నంబరూ లేదు. ఎవరితో పోట్లాడాలి చెప్పండి? గోడతోనా?

అందుకే ఈసారి ముందు పెట్టె చదివాను. బయటి దేశం సరుకు మన దగ్గర అమ్మాలంటే, తెప్పించినవారి పేరు, చిరునామా, ఏ దేశంలో, ఏ నెలలో తయారైంది, ఎమ్మార్పీ, ఫిర్యాదు చెయ్యడానికి నంబరు పెట్టె మీద ఉండాలి. అది చట్టం. కారం పొట్లం మీద తేదీ చూసి కొనేవాళ్ళం, ఫోను పెట్టె మీద చూడమా? కుర్రాడు తెచ్చిన పెట్టె మీద అవేవీ లేవు. బిల్లు సంగతి అడిగితే "బిల్లుంటే రేటు పెరుగుద్ది పిన్నీ" అన్నాడు. అక్కడే తెలిసిపోయింది కదా చవక ఎందుకో! విదేశీ ఫోను మీద కస్టమ్స్ సుంకం 20 శాతం ఉండేది, 2024 జులై బడ్జెట్లో 15 చేశారు. దాని మీద 18 శాతం జీఎస్టీ. దొడ్డిదారిన వచ్చినదానికి ఇవేవీ ఉండవు. ఆ మిగిలిందే మనకు చవకగా కనపడుతోంది. దానితోపాటు వారంటీ కూడా ఎగిరిపోయింది.

ఇక ఆ పెద్ద అక్షరాల సంగతి. 8 జీబీ పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో 4+4 అని ఉంది. అంటే అసలు ర్యామ్ నాలుగే. మిగతా నాలుగూ మెమరీలోంచి అరువు తెచ్చుకుని నెట్టుకొచ్చేది. అది అసలుదానంత వేగంగా పనిచెయ్యదు. నాలుగు గ్లాసుల పాలలో నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి ఎనిమిది గ్లాసులు అన్నట్టు! తోడు పెడితే తెలుస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా, ఏమాటకామాటే, నా మనసు ఊగుతూనే ఉంది. 5,500కు వస్తే మిగిలిన డబ్బుతో పిల్లకు ప్రెషర్ కుక్కరూ, దోమతెరా కొనొచ్చు కదా అని. అప్పుడు మా వీధి చివర బాబాయిగారి దగ్గరికి వెళ్ళాను. టెలిఫోను శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఫోను చేతిలోకి కూడా తీసుకోలేదు. "అమ్మాయ్, పిల్ల ఉండేది ఎక్కడ? అక్కడ టవరు ఎవరిది?" అని అడిగారు. నేను నోరు తెరిచాను. ఆ ముక్క మా ఇంట్లో మూడు రోజుల నుంచి ఒక్కరూ అడగలేదు!

అమ్మాయి వెంటనే అక్కడి సిస్టరుకు ఫోను చేసి కనుక్కుంది. బీఎస్‌ఎన్‌ఎల్ టవరు ఒక్కటే నట. బాబాయిగారు తల ఊపి చెప్పుకొచ్చారు. సిగ్నలు లేని ఊళ్ళకు 4జీ ఇవ్వాలని 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం ఒక పథకం ఒప్పుకుంది, 24,680 ఊళ్ళకు. ఆ పని బీఎస్‌ఎన్‌ఎల్‌కే అప్పగించారు. మన దేశంలోనే తయారైన వాళ్ళ 4జీని 2025 సెప్టెంబరు 27న ప్రధాని ప్రారంభించారు. ఆ 4జీకి వాడే తరంగాల్లో ముఖ్యమైనది 700 మెగాహెర్ట్జ్‌ది. ఫోను భాషలో దాన్ని బ్యాండ్ 28 అంటారు.

"బ్యాండ్ అంటే ఏమిటి బాబాయిగారూ?" అన్నాను. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, నాకేం తెలుసు! ఆయన చక్కగా చెప్పారు. "ఊరి జాతర రెండు మైళ్ళ దూరం నుంచి వింటే ఏం వినపడుతుంది? డప్పు మోత వినపడుతుంది గానీ సన్నాయి వినపడదు. తరంగాలూ అంతే. సన్నగా వేగంగా ఊగేవి చెట్లకూ గోడలకూ ఆగిపోతాయి. నిదానంగా ఊగేవి అడ్డు దాటుకుని దూరం పోతాయి. 700 అంటే డప్పన్నమాట. అడవికి అదే కావాలి. కానీ మీ ఫోనుకు ఆ డప్పు వినే చెవి ఉండాలి కదా!"

అదండీ అసలు కిటుకు. ఒక్కో దేశంలో ఒక్కో రకం బ్యాండ్లు. వేరే దేశంకోసం తయారుచేసిన ఫోనులో ఆ దేశం బ్యాండ్లే పెడతారు. తయారీ ఖర్చు తగ్గించాలంటే ముందు కోసేవాటిలో ఇవీ ఒకటి. మనం తెచ్చుకుంటే ఖమ్మంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గాంధీచౌక్‌లో నిలబడి పరీక్ష చేస్తే నూటికి నూరు మార్కులు. అడవిలోకి వెళ్ళాక మాత్రం టవరు కింద నిలబడినా 4జీ దొరక్కపోవచ్చు. కుర్రాడి ఫోను మోడలు నంబరు వెతికి చూశాం. 1, 3, 5, 7, 8, ఐరోపాలో వాడే 20, తర్వాత 40. ఇరవై ఎనిమిది లేదు!

మీ ఊళ్ళో జియో అయితే 3, 5, 40 చూసుకోండి. దానికి ఇంకో మెలిక ఉంది. 2016 సెప్టెంబరులో మొదలైనప్పటి నుంచి జియోకు 2జీ, 3జీ లేవు, మాటలు కూడా 4జీ మీదే పోతాయి. వోల్టీ అనేది పనిచెయ్యని ఫోనులో వాట్సాప్ వస్తుంది గానీ మామూలు ఫోను పోదు. పుట్టింటివాళ్ళు చేస్తే స్విచాఫ్ అని వస్తుంది, కోడలు కావాలనే ఆపేసిందనుకుంటారు!

పిల్లలు బయట ఉంటే ఇంకోటి కూడా అడగండి. మన దేశంలో అమ్మే ఫోన్లలో ఆపదలో నొక్కే మీట ఉండాలని 2017 నుంచి నిబంధన. స్మార్ట్‌ఫోనులో పవర్ మీట వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే 112కు పోవాలి. కొన్ని ఫోన్లలో లెక్క తేడా ఉంటుంది, కొనేటప్పుడే చూపించమనండి. ఇంకో దేశంకోసం చేసినదాంట్లో ఈ ఏర్పాటు ఉంటుందని నమ్మకం లేదు.

దొంగ ఫోనా, నకిలీదా అని తెలుసుకోవడం మాత్రం చాలా తేలిక. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనపడుతుంది. పెట్టె మీదిదీ అదీ ఒకటే అయి ఉండాలి. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజీ పెట్టండి. బ్లాక్‌లిస్టు అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో జవాబొస్తే కొత్త ఫోను పేరుతో దాన్ని కొనకండి. ఈ నంబరు లేక మా మరిది ఎంత ఏడ్చాడో! నాలుగు స్పీకర్ల చైనా ఫోను, పాట పెడితే వీధంతా అదిరేది. 2009 నవంబరు 30 తర్వాత ఐఎంఈఐ లేని ఫోన్లకు లైను ఆపేశారు. ఆ తర్వాత అది పాటలపెట్టె అయి కూర్చుంది.

డబ్బు సంగతికొస్తే, ఇప్పుడు మన బ్యాంకు మెసేజీలన్నీ ఫోనులోకే కదా. 2016 నవంబరులో అమెరికాలో ఒక సంగతి బయటపడింది. బ్లూ అనే కంపెనీ చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే దాచిపెట్టిన ఒక సాఫ్ట్‌వేరు, వాడేవాళ్ళ మెసేజీలూ, ఎవరెవరికి ఫోన్లు చేశారో ఆ లెక్కలూ చైనాలోని సర్వరుకు పంపుతోందట! కనిపెట్టింది క్రిప్టోవైర్ అనే భద్రతా సంస్థ. చవక ఫోన్లన్నీ అలాంటివేనని కాదు. మనం చూడగలిగింది చూసుకోవాలి. ప్లేస్టోర్ తెరిచి, సెట్టింగ్స్‌లో అబౌట్ నొక్కితే అడుగున ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ అని ఉంటుంది. సర్టిఫైడ్ అని లేకపోతే ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు అందులో పెట్టకండి. ఫోను సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ ఏ తేదీదో కూడా చూడండి. రెండేళ్ళ కిందటిదైతే, పెట్టె కొత్తదే గానీ లోపల సరుకు నిలవున్నదే.

మావారు వాడేది కూడా చవక ఫోనే. విదేశీ పేరే, బిగించింది ఇక్కడే. బిల్లుంది, నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. ఆ మాట ఆయన నాకు పదిసార్లు గుర్తుచేశారు. నిజమే, ఒప్పుకున్నాను.

చివరికి షాపులో అసలు 4 జీబీ ర్యామ్, 64 జీబీ మెమరీ, బ్యాండ్ 28 ఉన్నదాన్ని బిల్లుతో 9,200కు తీసుకున్నాం. బ్యాండ్ల జాబితా చూపించమంటే షాపబ్బాయి నా వంక వింతగా చూశాడు. "ఇలా ఎవరూ అడగరు మేడం" అన్నాడు. అయినా కంప్యూటర్లో వెతికి చూపించాడు, పాపం. తక్కువపడిన 1,200 పోపులడబ్బా అడుగునుంచి తీశాను. ప్రెషర్ కుక్కరు కొనలేదు, ఇంట్లో ఉన్న పాతది గాస్కెట్ మార్చి ఇచ్చాను. పక్కింటి కుర్రాడు రెండు రోజులు మొహం ముడుచుకుని మూడోరోజు పెరుగు గిన్నె కోసం వచ్చాడు.

అమ్మాయి వెళ్ళి పన్నెండు రోజులైంది. ఆసుపత్రి దగ్గర రెండు గీతలు చూపిస్తోందట. గదిలో మాత్రం రాదు, వరండా చివర స్తంభం దగ్గర నిలబడాలట. రోజూ రాత్రి 9 గంటలకు చేస్తానంది. నిన్న 9:20 అయింది, ఎవరికో కాన్పు వచ్చిందట. ఆ ఇరవై నిమిషాలూ నేను గోడ గడియారం కిందే కూర్చున్నాను.