టీచర్ ఎంచుకునే ఎలక్టివ్‌లో మన పిల్లల ముస్తఖ్‌బిల్



మన ఖాందాన్‌లలో ఒక బహూనో, ఒక చెల్లెలో, ఒక మామూనో బడిలో పాఠాలు చెబుతూ ఉంటారు. నౌక్రీ వచ్చాక కూడా వాళ్లలో చాలామంది చదువు ఆపరు. ఇగ్నోలోనో, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలోనో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో దూరవిద్యలో పీజీ కడతారు. మాషా అల్లాహ్, మంచిదే. నా షికాయత్ ఒక్కటే, ఎలక్టివ్ పేపర్ గురించి.

ఏ పీజీలోనైనా కొన్ని పేపర్లు లాజిమీ, కొన్ని ఇఖ్తియారీ. లాజిమీ పేపర్లను యూనివర్సిటీ నిర్ణయిస్తుంది. ఇఖ్తియారీ పేపర్ మన చేతిలో ఉంటుంది. మరి మనవాళ్లు దాన్ని ఎలా ఎంచుకుంటున్నారు? గైడ్ దొరుకుతుందా? పోయినేడు ప్రశ్నలే మళ్లీ వస్తాయా? జిరాక్స్ షాపులో రాసి పెట్టిన అసైన్‌మెంట్ ఉందా? ఈ మూడు సవాళ్లకు జవాబు దొరికితే ఫారం నింపేస్తారు. క్లాసులో కూర్చున్న పిల్లలు ఆ లెక్కలోకి రారు.

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపర్ అంటే 120 గంటలు. సంసారం, బడి, రంజాన్, పెళ్లిళ్ల మధ్య ఒక టీచర్ 120 గంటలు తీయడం మామూలు విషయం కాదు. అంత వఖ్త్ పెట్టేటప్పుడు, సోమవారం ఉదయం క్లాసులో అది దేనికి పనికొస్తుందని అడగాలి కదా.

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేశాను. బడిలో ముసల్లస్ అని నేర్చుకున్నది త్రిభుజమని, జావియా అంటే కోణమని, జియాయీ తాలీఫ్ అంటే కిరణజన్య సంయోగక్రియ అని తర్వాత తెలిసింది. ఇప్పటి పిల్లలకు మూడో పేరు కూడా కావాలి, ఫోటోసింథసిస్. తెలంగాణ సర్కారీ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇంట్లో ఒక జబాన్, బజారులో ఒకటి, పుస్తకంలో ఇంకొకటి. చెట్టు ఆకు ఎలా అన్నం వండుకుంటుందో పిల్లాడికి తెలిసే ఉంటుంది. ఆ మాట ఏ జబాన్‌లో అడుగుతున్నారో అర్థం కాక నోరు మూసుకుంటాడు. టీచర్ అతని పేరు ముందు ‘కమ్‌జోర్’ అని రాసుకుంటారు.

బహుభాషా బోధన మీద ఒక ఎలక్టివ్ శ్రద్ధగా చదివిన ఉస్తానీకి ఈ తేడా తెలుస్తుంది. పిల్ల ‘కితాబాఁ’ అంటే ఎర్ర ఇంకుతో కొట్టేసి ‘కితాబేఁ’ అని రాయించి ఊరుకోరు. ‘కితాబాఁ’ మన దకనీ, ‘కితాబేఁ’ పుస్తకం ఉర్దూ, రెండింటికీ కాయిదా ఉందని చెబుతారు. గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా షాయిరీ రాసిన జబాన్‌ను గలత్ అనడానికి మనమెవరం? తెలుగు మీడియంలో చేరిన దకనీ ఇంటి పిల్లాడు నోరు విప్పితే క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వును ఆపగలిగేది టీచర్ ఒక్కరే. ఇక నూర్‌బాషాల ఇళ్లలో చాలా చోట్ల తెలుగే మాదరీ జబాన్. ముసల్మాన్ పిల్లలంటే అందరికీ ఉర్దూ వచ్చే ఉంటుందనుకునే టీచర్లకూ ఈ చదువు అవసరమే.

ఇంకో మిసాల్. అయిదో తరగతికి వచ్చినా అక్షరాలు తారుమారు చేసే పిల్లాడిని మన మొహల్లాలో ‘కామ్‌చోర్’ అంటారు. దెబ్బలూ పడతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులూ అందులో ఉన్నాయి. సమ్మిళిత విద్య పేపర్ చదివిన టీచర్ ఉంటే ఆ పిల్లాడికి దెబ్బల బదులు పరీక్ష చేయించే దారి దొరుకుతుంది.

టీచర్ల జవాబు నాకు తెలుసు. ‘భాయ్, ప్రాస్పెక్టస్‌లో ఎలక్టివ్‌లు చాలానే ఉంటాయి. మా సెంటర్‌లో చెప్పేది ఒకటో రెండో. మెటీరియల్ ఉర్దూలో రాదు, తెలుగులో రాదు.’ ఈ షికాయత్ నిజమైనదే. ఒక్కరు అడిగితే యూనివర్సిటీ వినదు. అదే జిల్లాలో పదిహేను మంది టీచర్లు మష్వరా చేసుకుని, ఒకే ఎలక్టివ్ ఎంచుకుని, కలిసి దరఖాస్తు పెడితే కాదనడం అంత ఆసాన్ కాదు. మన టీచర్ల సంఘాలు తబాదలాలు, డీఏల గురించి గట్టిగానే కొట్లాడతాయి. ఈ మాట కూడా ఆ జాబితాలో చేర్చాలి. ప్రతి టీచర్‌కూ ఏటా కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. తరగతికి పనికొచ్చే ఎలక్టివ్ గంటలను అందులో లెక్కగట్టమని సర్కారును అడగడం మన హక్కు.

ఇక ఇంటివాళ్లతో ఒక మాట. బహూ పీజీ చేస్తోందని రిష్తేదార్లకు ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం. రాత్రి దస్తర్‌ఖాన్ ఎత్తి, గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టాకే ఆమె పుస్తకం తెరవాలి. అప్పుడు ఆమె జిరాక్స్ షాపు అసైన్‌మెంట్ కొనకపోతే ఆశ్చర్యం. ఆ 120 గంటల్లో కొన్ని గంటలు షౌహర్ వంటింట్లోకి వెళ్లి తీసివ్వాలి, కొన్ని అత్తమ్మ ఇవ్వాలి. సనద్ గోడకు వేలాడదీయాలన్న షౌక్ ఉంటే ఈ ఖర్చూ పెట్టుకోవాలి.

ఉస్తాద్ చేతిలో పిల్లలు అమానత్. ఈసారి అడ్మిషన్ ఫారం వచ్చినప్పుడు, ఎలక్టివ్ గడి నింపే ముందు మీ హాజరు పట్టీ ఒకసారి తెరిచి చూడండి. ఏ పేరు దగ్గర మీ వేలు ఆగుతుందో, ఆ పిల్లకు పనికొచ్చే పేపర్‌నే ఎంచుకోండి.