దానమిచ్చిన గుండెకు బూజు గండము

తపతీ తీరమందలి సూరత్ నగరము జరీకి, వస్త్రములకే గాక అవయవదానమునకును పేరొందినది. మెదడు శాశ్వతముగా చచ్చుబడిన ఆప్తుల గుండెలను దానము చేయుటకు అచ్చటి కుటుంబములెన్నో అంగీకరించినవి. ఆ గుండెలు విమానములలో ముంబయి, అహమ్మదాబాదు నగరములకు చేరి పరులకు ప్రాణము పోసినవి. ఈ త్యాగము శ్లాఘనీయము. కాని లోకుల ప్రశంస శస్త్రచికిత్సతో ముగియుచున్నది. రోగి పోరాటము అప్పుడే ఆరంభమగుచున్నది.

1967 డిసెంబరు 3వ తేదీన కేప్‌టౌన్ నగరమున డాక్టరు బర్నార్డు తొలిసారిగా ఒక మనిషి గుండెను వేరొకరికి అమర్చెను. రోగి 18 దినములకే న్యుమోనియాతో మరణించెను. భారతదేశమున 1994 ఆగస్టు 3వ తేదీన, ఢిల్లీలో, తెలుగువాడైన డాక్టరు వేణుగోపాల్ ఈ చికిత్సను తొలిసారి జయప్రదముగా నెరవేర్చెను. శస్త్రవిద్య ఎంత పెరిగినను అంటురోగభయము తొలగలేదు.

కారణము స్పష్టము. శరీరము పరాయి గుండెను తిరస్కరింపకుండుటకు రోగి జీవితాంతము మందులు వాడవలయును. అవియే రోగనిరోధకశక్తిని తగ్గించును. చెమ్మగోడలలో, కుళ్లిన ఆకులలో, కూల్చిన కట్టడముల దుమ్ములో నుండు బూజు బీజములను ప్రతివారును పీల్చుచునే యుందురు. ఆరోగ్యవంతులకు సాధారణముగా హాని కలుగదు. గుండె మార్పిడి పొందినవారిలో మాత్రము ఆస్పర్జిల్లస్ అను బూజు ఊపిరితిత్తులలో పాతుకొని, రక్తనాళములలో చొచ్చి, మెదడునకును ప్రాకవచ్చును. మొదటి మాసములలో ఈ అపాయము హెచ్చు. 2021లో కోవిడ్ వెంట వచ్చిన మ్యూకర్ బూజు గుజరాతులో సృష్టించిన బీభత్సమును సూరత్ వాసులు మరువలేదు.

కావున రోగిని ఇంటికి పంపుటతో ఆసుపత్రి బాధ్యత తీరినదనుట సరికాదు. జ్వరము, వీడని దగ్గు, కఫములో రక్తము, ముఖమువాపు కనిపించిన దినముననే వైద్యుని చేరవలెనని రోగి బంధువులకు వారి భాషలోనే బోధింపవలయును. మగ్గములను, మిల్లులను నమ్మి వలసవచ్చిన తెలుగు కుటుంబములు సూరత్‌లో అనేకము. వారికి అర్థముకాని కాగితము ఔషధము కాజాలదు. బూజును అణచు వోరికొనజోల్ వంటి మందు, గుండెను కాపాడు టాక్రోలిమస్ పాలును రక్తములో పెంచును. సొంతవైద్యము ప్రాణాంతకము కాగలదు.

రోగిని గదిలో బంధింపనక్కరలేదు. ఇల్లు పొడిగానుంచుట, తోటపనిని, కూల్చివేతల దుమ్మును తప్పించుట చాలవరకు సాధ్యమే. దుఃఖములోనుండియు దానమిచ్చిన కుటుంబమునకు తీర్పదగిన ఋణము ఆ గుండెను కాపాడుకొనుటయే.